తీరానికి కొట్టుకొచ్చిన ఓడ ఎవరిది?

సుంకరి ముందు సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు అని మనకో సామెత ఉంది. ఎంత మొత్తుకున్నా ఎదుటివాడి చెవికెక్కని చోట దాన్ని వాడతాం. సామెతలు ఊరికే పుట్టవు. ఎల్ల దగ్గర బండి ఆపి, ఎడ్లను విప్పి, పొద్దు వాలేదాకా పడిగాపులు కాసిన తరాల విసుగు ఆ మాటలో ఉంది. విసుగుతో పాటు ఒక ధర్మసందేహమూ ఉంది. సుంకరి నిజంగా సుఖదుఃఖాలు వినాలా? వింటే, గోడు బాగా చెప్పుకోగలిగినవాడికి ఒక చట్టం, నోరులేనివాడికి ఇంకో చట్టం అవుతుంది. వినకపోతే, సరుకు దాచినవాడికీ దారిలో ఇరుసు విరిగి ఆలస్యమైనవాడికీ తేడా చెరిగిపోతుంది. ఎల్ల దాటే సరుకుల గురించి మనం ఎప్పుడూ లెక్కల్లోనే మాట్లాడుకుంటాం: ఎగుమతులెంత, సుంకమెంత, రేవుకు ఎన్ని కంటైనర్లు వచ్చాయి. ఆ లెక్కల అడుగున రెండు పాత ప్రశ్నలున్నాయి. చెడు తలంపు లేకుండా జరిగిన పొరపాటు పాపమేనా? ఇంకొకరి ఆపద వల్ల చేతికొచ్చే డబ్బు ధర్మమైన రాబడేనా? సరుకు తమది కాకపోయినా దాని బరువు మోసే క్లియరింగ్ ఏజెంట్లు, ఫార్వర్డర్లు, లారీ ట్రాన్స్‌పోర్టువాళ్ళు ఈ రెండు ప్రశ్నల మధ్యే రోజూ నలుగుతున్నారు. రెండింటికీ మన సంప్రదాయం స్పష్టంగానే జవాబు చెప్పిందనీ, ఎల్ల దగ్గర నేటి పద్ధతులు ఆ జవాబును సగం ఒప్పుకుని సగం వదిలేశాయనీ నా వాదన.

ఆ జవాబు వెతుకుతూ శ్రీకాకుళం నుంచి సముద్రం వైపు వెళితే శ్రీకూర్మం వస్తుంది. విష్ణువు తాబేలు రూపంలో పూజలందుకునే గుడి అది. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. తూర్పున ఒకటి, పడమట ఒకటి, రెండు ధ్వజస్తంభాలు. ఆవరణలో బతికున్న తాబేళ్ళు ఆకులు నములుతూ తిరుగుతుంటాయి, వాటి వీపుల మీద నక్షత్రాల్లా పసుపు గీతలు. క్షీరసాగర మథనాన్ని మనం అమృతం కథగా గుర్తుపెట్టుకుంటాం గానీ, భాగవతం ఎనిమిదో స్కంధంలో అది ఒక ఒప్పందంతో మొదలవుతుంది. అసురరాజు బలితో సంధి చేసుకోమని దేవతలకు సలహా ఇచ్చింది విష్ణువే. ఒకరినొకరు నమ్మని రెండు పక్షాలు ఒకే తాడు పట్టాయి. తాడుగా చుట్టిన పాము తల ఎవరు పట్టాలి, తోక ఎవరు పట్టాలి అన్న దగ్గరే పేచీ వచ్చింది. తీరా చిలకడం మొదలుపెట్టాక, అడుగున ఆధారం లేక కవ్వమైన మందర పర్వతం మునిగిపోయింది. అప్పుడు స్వామి తాబేలై కింద నిలిచాడు. ఆ తాబేలు అటూ లాగలేదు, ఇటూ లాగలేదు. కొండ బరువంతా మోసింది, అమృతంలో వాటా అడగలేదు. మోహినిగా ఆ విష్ణువే దేవతల పక్షం వహించాడు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, కానీ ఆ పని తాబేలుగా ఉండి చేయలేదు. మోసే రూపం వేరు, పంచే రూపం వేరు. ఇద్దరు అపరిచితుల మధ్య జరిగే ఏ వ్యాపారానికైనా అడుగున ఇలాంటి ఆధారం ఒకటి కావాలి. ఎల్ల దగ్గర పాటించే పద్ధతులకు న్యాయంగా దక్కవలసిన స్థానం అదే. సుంకం ముందుగా ఒప్పుకున్న వాటా. ఆ వాటా తీసుకునే హక్కు రాజ్యానికి ఉంది. సరుకు ఆగిపోయిన రోజులను కూడా ఎవరో ఒకరు వాటాగా మార్చుకోవడం మొదలైతే అడుగున ఉన్న తాబేలే తాడు పట్టుకుని లాగినట్టవుతుంది.

నియమాలే వద్దనడం నా ఉద్దేశం కాదు. శ్రీకూర్మం గుడి స్తంభాలే దానికి సాక్ష్యం. శతాబ్దాల పాటు వాటి మీద తెలుగులో, సంస్కృతంలో శాసనాలు చెక్కారు. అఖండదీపం వెలిగించమని ఇచ్చిన దానాలు వాటిలో ఎన్నో. దాత తాను పోయాక కూడా దీపం వెలగాలనుకుంటాడు. అప్పటి అర్చకుడెవరో, అధికారి ఎవరో అతనికి తెలియదు. అందుకే ఏమిచ్చాడో, దానికి బదులుగా ఏం జరగాలో రాతి మీద రాయించాడు. ముఖం చూడని మనిషిని నమ్మడానికి మన పెద్దలు కనిపెట్టిన దారి అది. మధ్వాచార్యుల శిష్యుడు నరహరితీర్థుల 1281 నాటి శాసనం కూడా ఇక్కడ ఉంది. సన్యాసి అయివుండి కళింగ పాలనాభారాన్ని ధర్మంగా మోశాడని ఆయనకు పేరు. రాతకోతలను, పాలనను ఆత్మచింతనకు అడ్డమని ఆయన అనుకోలేదు. కాగితం చూపించమని అడగడంలో అధర్మం లేదు. కాగితంలో తేడా కనబడిన తరువాత ఏం చేస్తామన్న దగ్గరే ధర్మం తేలుతుంది.

అదే శతాబ్దంలో, ఇదే తూర్పు తీరంలో దక్షిణాన, మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయశాసనం ఈ విషయంలో మనకున్న గొప్ప సాక్ష్యం. అంతకు ముందరి రాజులు, తుఫానుకు చెదిరి తమ తీరానికి కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాక్కునేవారు. అది దొంగతనమని ఎవరూ అనలేదు. అదే అప్పటి ఆచారం, అదే చట్టం. గణపతిదేవుడు దాన్ని మానేశాడు. ప్రాణం కన్నా ధనమే మిన్న అనుకుని సముద్రానికి ఎదురొడ్డి వచ్చినవారి మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నానని ప్రకటించాడు. ఎగుమతికైనా దిగుమతికైనా సుంకం ముప్ఫైలో ఒక వంతు. చందనానికి ఇంత, కర్పూరానికి ఇంత, ముత్యాలకు, దంతానికి, పట్టునూలుకు ఇంత అని రాయించాడు. ఆ తరువాత 1358లో కొండవీటి అనపోతారెడ్డి అక్కడే మళ్ళీ అభయమిచ్చాడు. ఈ శాసనాన్ని వాణిజ్య ప్రోత్సాహంగా చదివేవారున్నారు. ఆ కోణమూ ఉంది. నాకు మాత్రం అందులో దయ, ధర్మం అన్న మాటలు ముఖ్యం. గాలివాన ఓడను తన ఒడ్డున పడేసినంత మాత్రాన ఆ ఓడ మీద తనకు కొత్త హక్కేమీ పుట్టదని ఒక రాజు ఒప్పుకున్నాడు. ఆపద వేరు, అపరాధం వేరు అని రాతి మీద తేల్చి చెప్పాడు.

ఇప్పుడు తుఫానులు సముద్రంలోనే కాదు, కాగితాల్లోనూ వస్తాయి. పలాసకు వచ్చే ఆఫ్రికా జీడిపిక్కల సంగతి చూద్దాం. కంటైనర్ విశాఖ రేవులో దిగుతుంది. ఏజెంటు బిల్ ఆఫ్ ఎంట్రీ వేస్తాడు. మొక్కల క్వారంటైన్ వాళ్ళు నమూనా తీసుకుంటారు. ఏ కంటైనర్ తెరిచి చూడాలో 2005 నుంచి కంప్యూటరే ఎంచుతోంది. సుంకం లెక్క వ్యాపారే కట్టుకుని ప్రకటించే పద్ధతి 2011లో వచ్చింది. 2020 నుంచి ఆ లెక్క సరిచూసే అధికారి వేరే ఊళ్ళో కూర్చుని ఉండవచ్చు. ఈ మార్పుల్లో మేలు చాలా ఉంది, చేయి తడపవలసిన సందర్భాలు తగ్గాయి. అయితే సామెతలోని సుంకరికి ముఖమైనా ఉండేది. ఇప్పుడు సుఖదుఃఖాలు చెప్పుకోవాలంటే ఆ ముఖమే లేదు. తెరమీద ఒక ప్రశ్న వస్తుంది, దానికి జవాబు పెట్టి కూర్చోవాలి. ఆ లోపు ఉచితంగా ఇచ్చిన రోజులు అయిపోతాయి. యార్డు అద్దె ఒకవైపు, కంటైనర్ తిరిగివ్వనందుకు షిప్పింగ్ లైను వేసే డిటెన్షన్ చార్జీ మరోవైపు, రోజులు గడిచేకొద్దీ మెట్లు మెట్లుగా పెరుగుతాయి. కంటైనర్ లోపల తేమకు పప్పు నల్లబడుతుంది. పలాసలో బట్టీ చల్లారి కూలీలు ఖాళీగా కూర్చుంటారు. ఫార్వర్డరు ముందే ఒక రేటు ఒప్పుకున్నాడు. రేవుకూ లైనుకూ లారీకీ తన జేబులోంచి కట్టి, సరుకు యజమాని అయిన పార్టీ దగ్గర నెలకో రెండు నెలలకో వసూలు చేసుకుంటాడు. పార్టీ, ఆలస్యం నీవల్లే అంటుంది. సరుకు అతనిది కాదు, ప్రశ్న వేసింది అతను కాదు, అద్దె పెంచింది అతను కాదు. అయినా మూడు పక్కల నుంచీ వేళ్ళు అతని వైపే చూపిస్తాయి.

సరుకు ఆగిన రోజులకు పడే ఈ అద్దె గురించి న్యాయస్థానాల్లో నడిచిన చరిత్ర నన్ను చాలా ఆలోచింపజేసింది. కస్టమ్స్ అధికారులు సరుకును అన్యాయంగానే ఆపివుంచినా, గోదాము యజమాని డెమరేజ్, అంటే ఆగిన రోజుల రుసుము, వసూలు చేసుకోవచ్చని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. స్థలం వాడుకున్నారు కాబట్టి అద్దె ఇవ్వాలన్నది అందులోని తర్కం. చట్టం దృష్టిలో అది గట్టి తర్కమే. కానీ దాని ఫలితం చూడండి: తప్పు చేయలేదని తేలినవాడే ఇంకొకరి పొరపాటుకు అద్దె కట్టాలి. ఈ ఇబ్బంది ప్రభుత్వానికీ తెలిసింది. కస్టమ్స్ ఆపిన సరుకు మీద అద్దె, డెమరేజ్ తీసుకోకూడదని 2009 నిబంధనల్లో గోదాముల నిర్వాహకులకు చెప్పారు. 2018 నిబంధనల్లో షిప్పింగ్ లైన్లకూ అలాంటి మాటే చెప్పారు. అంటే మోటుపల్లి సూత్రం మన చట్టంలో మళ్ళీ పుట్టింది. అది రేవు గేటు దాకా మాత్రం పూర్తిగా నడిచి రాలేదు. అద్దె తీసుకోవద్దని కస్టమ్స్ ఇచ్చిన మినహాయింపు సర్టిఫికెట్ చేతిలో ఉన్నా, కంటైనర్ విడిపించుకోవాలంటే ముందు డబ్బు కట్టెయ్యడం, తరువాత దాని కోసం తిరగడం ఈ వృత్తిలో మామూలు సంగతి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న మాటకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

ఇక చెడు తలంపు లేని పొరపాటు సంగతి. మహాభారతం ఆదిపర్వంలో మాండవ్యుడి కథ ఉంది. మౌనవ్రతంలో ఉన్న మునిని రాజభటులు దొంగలెటు పోయారని అడిగారు. ఆయన పలకలేదు. వెతికితే దొంగలూ, సొత్తూ ఆశ్రమంలోనే దొరికారు. మునినీ దొంగల్లో లెక్కగట్టి కొరత వేశారు. నాకిది సరుకు రవాణా వృత్తిలో ఉన్నవాళ్ళందరి కథగా కనిపిస్తుంది. సొత్తు ఎవరి చోట దొరికిందో వాడే దొంగ, జవాబు రాకపోతే నేరం ఒప్పుకున్నట్టే అన్న రెండు ఊహల మీద ఆ తీర్పు నిలిచింది. నిజం తెలిశాక రాజు వచ్చి కాళ్ళమీద పడ్డాడు. కొరత ఊడి రాలేదు, కోయించాడు, ములుకు మాత్రం లోపలే ఉండిపోయింది. ఆ ములుకుతోనే ఆయన ఆణిమాండవ్యుడయ్యాడు. తరువాత యముణ్ణి నిలదీశాడు. చిన్నతనంలో పురుగులకు పుల్లలు గుచ్చిన పాపమని యముడు చెబితే, తెలియని వయసు చేతకు ఇంత శిక్షా అని శపించి, పద్నాలుగేళ్ళ లోపు చేసింది పాతకం కాదని హద్దు గీశాడు. ధర్మదేవతే తప్పు తూచాడని, ఆ తూకాన్ని ఒక బాధితుడు సరిదిద్దాడని మన ఇతిహాసం ఒప్పుకుంది. తలంపు లేని చోట శిక్ష తగ్గాలన్నది బయటి నుంచి తెచ్చిన ఉదారవాదం కాదు, మన ఇంటి మాటే.

రోడ్డు మీదికి వద్దాం. ఇచ్ఛాపురం దగ్గర పురుషోత్తపురం చెక్‌పోస్టు, ఆంధ్ర నుంచి ఒడిశాలోకి వెళ్ళే ప్రతి లారీ డ్రైవరుకూ తెలిసిన పేరు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. రాష్ట్రాల మధ్య నడిచే సరుకుకు 2018 ఏప్రిల్ 1 నుంచి ఈ-వే బిల్లు వచ్చింది. యాభై వేల రూపాయలు దాటిన సరుకుకు అది ఉండాలి. మొదటి భాగంలో సరుకు వివరం, రెండో భాగంలో బండి నంబరు. రోజుకు 200 కిలోమీటర్ల లెక్కన గడువు. పలాస జీడిపప్పు పెట్టెల మీద తాడు బిగించి, రాత్రి పదింటికి డ్రైవరు బయల్దేరాడనుకుందాం. బండి పాడై సరుకు ఇంకో లారీకి మారిస్తే రెండో భాగంలో నంబరు మార్చాలి. ఫోన్లో బొటనవేలు ఒక అంకె పక్కకు పడితే, కాగితం మీద ఒక బండి, రోడ్డు మీద ఇంకో బండి. బండి, సరుకు, డ్రైవరు ముగ్గురూ ఉన్నచోటే ఉంటారు. చట్టం వారిని రెండు రకాలుగా చూడగలదు. సెక్షన్ 129 కింద బండి ఆపి, సరుకు యజమాని ముందుకొస్తే పన్నుకు రెండింతలు జరిమానా వేయవచ్చు. లేదా 2018 సెప్టెంబరు 14 నాటి కేంద్ర సర్క్యులర్ ప్రకారం, బండి నంబరులో ఒకటి రెండు అంకెలు, పిన్‌కోడు, పేరులో అక్షరం లాంటి పొరపాట్లకు వెయ్యి రూపాయలతో వదలవచ్చు. గడువు తీరినా, తీరడానికి ఎనిమిది గంటల ముందూ తరువాతా పొడిగించుకునే వీలుంది. మాండవ్యుడు గీసిన హద్దు లాంటిదే ఈ ఎనిమిది గంటలు, ఈ వెయ్యి రూపాయలు. హైదరాబాదులో 2020 జనవరి 4న కాగితం సరుకుతో బయల్దేరిన ఒక ఆటోట్రాలీ, రాజకీయ ర్యాలీ వల్ల ట్రాఫిక్‌లో చిక్కి, అంగడి మూసేశాక చేరింది. సోమవారం ఇద్దామని డ్రైవరు ఇంటికి తీసుకుపోయాడు. సోమవారం పట్టుకునేసరికి బిల్లు గడువు తీరింది. 69,000 రూపాయలు వసూలయ్యాయి. గడువు తీరినంత మాత్రాన ఎగవేత తలంపు ఉన్నట్టు కాదని తెలంగాణ హైకోర్టు 2021లో ఆ వసూలును కొట్టేసి 10,000 ఖర్చులు వేసింది. 2022 జనవరి 12న సుప్రీంకోర్టు దానికి ఇంకో 59,000 కలిపింది. రెండూ కలిపితే సరిగ్గా వసూలు చేసిన సొమ్మంత. ఈ అంకె యాదృచ్ఛికమని నేననుకోను.

నా వాదనకు ఎదురువాదం బలంగానే ఉంది, దాన్ని చిన్నబుచ్చడం మంచిది కాదు. 2021 సెప్టెంబరులో గుజరాత్ ముంద్రా రేవులో, టాల్కు రాళ్ళని రాసి ఉన్న రెండు కంటైనర్లలో దాదాపు మూడు వేల కిలోల హెరాయిన్ దొరికింది. దిగుమతిదారు చిరునామా మన విజయవాడది. కాగితం నిండుగా ఉంది, లోపల విషం. నమ్మకం పేరుతో అలాంటిది వదిలితే ఎన్ని ఇళ్ళు కూలేవో ఊహించడానికే భయమేస్తుంది. ఓడను ఆపిన అధికారి వెయ్యిసార్లు పొరబడినా, ఒక్కసారి సరిగా పట్టుకుంటే చాలు కదా అని అడిగేవారు ఉన్నారు. నా జవాబు ఇది: ఆపడాన్ని నేను ప్రశ్నించడం లేదు. ఆపినందుకు అయ్యే ఖర్చు ఎవరు భరించాలన్నదే నా ప్రశ్న. సమాజం మొత్తం క్షేమం కోసం ఒక కంటైనర్ తెరిస్తే, ఏమీ దొరకని ఆ కంటైనర్ ఆగిన రోజులు సమాజం మొత్తం ఖర్చే అవుతాయి. వెయ్యి పొరపాట్ల భారం, జరిమానాను సరుకు ధరలో కలుపుకోలేని చిన్న ఏజెంటు నెత్తిన వేసి, ఒక్క విజయం పేరు అందరం పంచుకోవడం ఏ తూకానికీ నిలవదు. పైగా నిఘాకూ వేగానికీ వైరమని ఎవరూ అనుకోనక్కరలేదు. విశాఖ రేవు మీదుగా నేపాల్ పోయే కంటైనర్లకు ఎలక్ట్రానిక్ తాళం వేసి, దారంతా ఎక్కడుందో చూస్తూ పంపగలుగుతున్నారు.

రెండో ఎదురువాదం వృత్తి గురించి. ఏజెంటు లైసెన్సు తీసుకున్నవాడు, తెలిసి ఉండటానికే డబ్బు పుచ్చుకుంటాడు, అతణ్ణి మునితో పోల్చడం తగదంటారు. 2018 లైసెన్సు నిబంధనలు అతనికి బాధ్యతలు స్పష్టంగానే పెట్టాయి: పార్టీ నంబర్లు, చిరునామా, గుర్తింపు సరిచూడాలి, తప్పుదారి పట్టకుండా సలహా ఇవ్వాలి. ఆ పని చేయనివాణ్ణి నేను సమర్థించను. కానీ కాగితాలు నడిపేవాడే తప్ప లావాదేవీలోని నిజానిజాలు తూచే ఇన్‌స్పెక్టరు కాదని 2017లో ఢిల్లీ హైకోర్టు గుర్తుచేయవలసి వచ్చిందంటే, ఆశ్రమంలో దొరికిన సొత్తు న్యాయం ఇంకా నడుస్తోందన్నమాట. కౌటిల్యుడు కటువైనవాడు, ఆయన్ని ఎవరూ దయాళువు అనరు. అయినా అర్థశాస్త్రం రెండో అధికరణంలో సుంకం గురించి చెబుతూ ముద్ర లేని సరుకుకు రెండింతలు, దొంగముద్రకు ఎనిమిదింతలు అని విడదీశాడు. లేకపోవడం ఒక తప్పు, దొంగది వేయడం నాలుగింతల తప్పు. పెళ్ళికీ, యజ్ఞానికీ, దేవపూజకూ తీసుకుపోయే వస్తువులకు సుంకమే లేదన్నాడు. ఇంకా ముఖ్యమైనది, ఎల్ల కాసే అంతపాలుడు దారి రుసుము తీసుకుంటాడు, ఆ దారిలో సరుకు పోతే నష్టం పూడ్చవలసిందీ అతడే అన్నాడు. రుసుము పుచ్చుకున్న చేతికి బాధ్యత కూడా అంటుకుంటుంది. ఈ రెండో సగం ఇప్పటి పద్ధతుల్లో ఎక్కడా గట్టిగా కనిపించదు.

నమ్మదగినవారికి తలుపు త్వరగా తెరిచే పథకాలు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి, 2016 నుంచి గుర్తింపు పొందిన సంస్థలకు తనిఖీలు తగ్గాయి. లెక్కలు చక్కగా ఉంచుకోగల పెద్ద సంస్థలకు అది నిజంగా మేలు చేసింది. ఇద్దరు గుమాస్తాలతో నడిచే ఆఫీసుకు ఆ మెట్టు ఎత్తు. నమ్మకం సంపాదించుకోవడానికే పెట్టుబడి కావలసివస్తే, పేదవాడు ఎప్పటికీ అనుమానితుడిగానే మిగులుతాడు. తాబేలు వీపు దేవతల వైపు గట్టిగా, అసురుల వైపు మెత్తగా ఉండివుంటే కొండ ఒరిగిపోయేది.

శ్రీకూర్మానికి ఉత్తరాన, ఇదే తీరంలో, సంతబొమ్మాళి మండలం మూలపేట దగ్గర 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన చేసిన రేవు లేస్తోంది. ఒకప్పుడు ఓడలు ఆగిన కళింగపట్నంలో ఇప్పుడు దీపస్తంభం మిగిలింది, ఓడలు లేవు. అందుకే ఉత్తరాంధ్ర ఈ కొత్త రేవు మీద చాలా ఆశ పెట్టుకుంది. గోడలు, క్రేన్లు, రైలుపట్టాల గురించి రోజూ వింటున్నాం. అక్కడ పలాస వ్యాపారి కోసం, టెక్కలి లారీ యజమాని కోసం, కొత్తగా లైసెన్సు తీసుకునే శ్రీకాకుళం కుర్రాడి కోసం గేటు దగ్గర తెలుగులో ఒక రాయి నిలబెట్టాలని నా కోరిక. మోటుపల్లి రాయి సుంకం ఎంతో చెప్పింది. ఈ రాయి మీద సుంకంతో పాటు ఇంకో మూడు మాటలు చెక్కాలి: సరుకును ఎన్ని రోజులకు మించి ఆపరు, ఆపితే జవాబు చెప్పేది ఎవరు, తెరిచి చూసి ఏమీ దొరకకపోతే ఆ రోజుల అద్దె ఎవరు కడతారు.